మార్చిలో చెబుతాను

తార్తులో ఫిబ్రవరి.
నాలుగున్నరకే వీధిదీపాలు,
నది మీద మంచుపలక,
దాని మీద ఎవరో మరిచిపోయిన ఒంటి చేతితొడుగు.
ఒకప్పుడు అచ్చు అక్షరాలు పోతపోసిన భవనం, రెండో అంతస్తు.
తొమ్మిది కుర్చీలు, పదిమంది మనుషులు.
వైకో ఎప్పటిలాగే రేడియేటర్ మీద కూర్చున్నాడు.

వాళ్లు కూడి పెంచుకున్న భాష పేరు రుకిస్, అంటే రై గింజ.
మనిషితో కాదు, యంత్రంతో మాట్లాడటానికి.
అందులో అయిదని పేరు పెడితే అయిదే,
సాయంత్రానికి అది ఆరు కాదు.
అంతులేని జాబితా చేతికిచ్చినా కంగారుపడదు,
మూడోది కావాలంటే మూడోదాకా నడిచి
అక్కడే చతికిలబడుతుంది.
అడగందే అమ్మైనా పెట్టదంటారే,
ఆ సామెతనే వ్యాకరణం చేసుకున్న భాష.

ఆ సాయంత్రం తేల్చాల్సింది ఒక్కటే:
కంపైలర్‌లో పదిహేడో అంచె.
హెల్దుర్ రాసింది. నాలుగువేల మూడువందల వరుసలు.
హెల్దుర్ పోయి రెండేళ్లు.
అది ప్రోగ్రాంని విప్పుతుంది, మడుస్తుంది, మళ్లీ విప్పుతుంది,
బయటికొచ్చేసరికి కాస్త సన్నబడి ఉంటుంది.
ఎలాగో ఎవరికీ పూర్తిగా తెలీదు.
అన్ని అంచెలూ దాటడానికి పదకొండు నిమిషాలు,
అందులో ఏడు దీనివే.

"తీసేద్దాం" అన్నాడు ఇంద్రెక్.
"అర్థంకానిది ఉంచుకుంటే అది భక్తి. మనం చేసేది గణితం."
లేలో టోపీ తియ్యకుండానే అంది:
"నా ప్రోగ్రాం బురదనేలల్లో నీటిమట్టం కొలుస్తుంది.
ఇరవైమూడు గొట్టాలు, గొట్టానికో అగ్గిపెట్టెంత యంత్రం.
అది సన్నబడకపోతే వాటిలో పట్టదు."
ఎవరో టైపుల గురించి ఏదో అన్నారు.
దాంతో పాత తగువు లేచింది:
తప్పు చూపించేటప్పుడు కంపైలర్
'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా?
హెల్దుర్ 'మీరు' పక్షం.
తప్పు చేసినవాడికే మర్యాద ఎక్కువ కావాలనేవాడు.
యూలె బల్ల మీద చెంచాతో కొట్టి
అందరినీ పదిహేడుకు లాక్కొచ్చింది.

ఫైలు తెరిచారు. మొదటి వరుస వ్యాఖ్య:
*ఇది ఎందుకు సరైనదో రుజువుంది. మార్చిలో చెబుతాను.*

అతను పోయింది ఫిబ్రవరి పంతొమ్మిదిన.
ఎస్టోనియన్‌లో భవిష్యత్ కాలానికి వేరే రూపం లేదు.
వాళ్ల చెవికి ఆ వాక్యం
'మార్చిలో చెబుతున్నా' అన్నట్టే ఉంటుంది,
నోరు తెరిచే ఉన్నట్టు.
వైకో రేడియేటర్ దిగాడు.

చేతులెత్తారు. తీసేద్దామని ఆరు, వద్దని నాలుగు.

ఇక ఆ వంట మామూలే:
కంపైలర్ తనను తాను కనాలి.
మొదటి తరాన్ని పాతది కంది,
కనక దాని ఒంట్లో హెల్దుర్ మడతలు ఇంకా ఉన్నాయి.
రెండో తరంలో లేవు.
మూడోది, రెండోది
బైటు బైటుకీ ఒక్కలా ఉంటే
భాష నిలబడ్డట్టు.
ఒక్కలాగే ఉన్నాయి.

ఏదీ పగల్లేదు.
పగిలితే బావుండునని
చెయ్యెత్తిన ఆరుగురిలోనూ ఒకరిద్దరు అనుకుని ఉంటారు.
లేలో ప్రోగ్రాం కాస్త లావెక్కింది,
అయినా పట్టింది. ఎనిమిది బైట్లు మిగిలాయి.
ఆమె వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది.

ఇప్పుడు నాలుగే నిమిషాలు.
పదకొండు నిమిషాల్లో కాఫీ కాచేవాళ్లు,
కిటికీ తెరిచి తిట్టుకునేవాళ్లు,
చల్లబడి మళ్లీ మూసేవాళ్లు.
నాలుగు నిమిషాల్లో తగువు మొదలవుతుంది గానీ
రాజీకి టైము చాలదు.

పదిహేడో ఫైలుని మాత్రం ఎవరూ చెరపలేదు.
నాలుగువేల చిల్లర పోయి, ఆ ఒక్క వ్యాఖ్య ఉంది.
కంపైలర్ వ్యాఖ్యలు చదవదు.
దాని కంటికది ఖాళీ కాగితం,
అందుకే ప్రతిసారీ చివర్లో ఒక హెచ్చరిక గొణుగుతుంది:
*ఇందులో ఏమీ లేదు. కావాలనే ఉంచారా మీరు?*

దాని నోరు నొక్కే మీట ఎక్కడుందో అందరికీ తెలుసు.
ఇంద్రెక్‌కి మరీ బాగా తెలుసు,
ఆ మీట పెట్టిందే అతను.